తీగ మీద పూలముడి

చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద, పాసింజరు కదలబోతుండగా, పద్మకుమారి కిటికీ ఊచల్లోంచి తల్లి కాంతం చెయ్యి పట్టుకుని ఇలా చెప్పింది. "ఉత్తరం రాయనమ్మా. నాన్న సదవకుండానే సింపేస్తాడు. ఆదివారం మజ్జేన్నం రేడియోలో జనం పాటలడుగుతారు సూడు, దానికి కార్డు రాస్తాను. మా ఇద్దరి పేర్లూ సదివితే బాగున్నామనుకో. కడుపు పండితే సీమంతం పాట అడుగుతాను. బిడ్డ పుడితే జోలపాట."

అది జరిగి రెండేళ్ళు. కులం కాని కులంవాడు, రైల్వేలో పనివాడు నరసింగరావు వెంట కూతురు ఖరగ్‌పూర్ వెళ్ళిపోయిన నాడు బెల్లం కొట్టు గోవిందరావు అరవలేదు, కరవలేదు. "దాని పేరు ఈ ఇంట్లో ఎవరి నోటంటా రాకూడదు" అన్నాడు, అంతే. రేడియోకి కూడా నోరుంటుందని ఆయనకు తట్టలేదనుకుంది కాంతం. ప్రతి ఆదివారం ఒంటిగంటకు కాంతం ఆ పెట్టె ముందు కూర్చునేది. పక్కన ఆడపడుచు జగ్గమ్మ. ఊళ్ళపేర్లూ మనుషుల పేర్లూ వరసగా చదువుతూ చదువుతూ, "ఖరగ్‌పూర్ నుంచి నరసింగరావు, పద్మకుమారి" అనేవాడు రేడియోలో ఆయన. అంతే. ఆ తరవాత ఏ పాట వేసినా కాంతానికి వినబడేది కాదు. మళ్ళీ ఆదివారం దాకా ఆ ఒక్క ముక్కతో బతికేది.

శ్రావణమాసంలో సీమంతం పాట వచ్చింది. కాంతం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. కార్తీకం వెళ్ళేలోగా పురుడు రావాలి. కార్తీకం సగంలో వుండగా రేడియో మూగబోయింది.

ఇది అయిదో ఆదివారం. మార్గశిరం వచ్చేసింది.

* * *

"ఈయాల గాని పలక్కపోతే ఈ పెట్టెని ఇక్కడే ఒగ్గేసి సన్నాసుల్లో కలిసిపోతానమ్మా" అన్నాడు అప్పలసూరి, సంచీలోంచి సామాను తీసి గోనెపట్టా మీద పరుస్తూ.

స్టేషను రోడ్డులో రేడియోలు బాగుచేసే కొట్టు అతనిది. పనిమంతుడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెట్టె మొరాయించినా అతన్నే పిలుస్తారు. పెట్టె మూగబోయాక ఆ ఇంట్లో అడుగుపెట్టడం అతనికిది ఏడోసారి. మొదటిసారి నవ్వుతూ వచ్చాడు. "ఇదెంత పని తల్లీ, అరగంట" అన్నాడు. ఇప్పుడతని మొహంలో ఆ నవ్వు లేదు. రాత్రిళ్ళు కూడా ఈ పెట్టె గురించే ఆలోచిస్తున్నవాడిలా కళ్ళకింద నల్లబడింది.

మొదటివారం ఫ్యూజు అన్నాడు, మార్చాడు. రెండోవారం లోపలి గాజుబుడ్డి ఒకటి కాలిపోయి వుంటుందన్నాడు. విజయనగరం నుంచి తెప్పించి వేశాడు. ఏమీ తేడా లేదు. అయితే ఇంకోటి అన్నాడు. అయిదు బుడ్లూ ఒకదాని తరవాత ఒకటి మార్చి చూశాడు. ఎండలో పెట్టాడు, దూదితో తుడిచాడు, ఎలకలేమైనా కొరికాయేమో అని వీపు విప్పి దీపం పెట్టి వెతికాడు. చివరికి నాలుగోవారం పెట్టెను దుప్పటిలో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని కొట్టుకు తీసుకుపోయాడు.

కొట్టులో పెట్టగానే గణగణా పలికింది. రెండురోజులు పొద్దుటా సాయంత్రం పలికింది. తిరిగి ఇంటికి తెచ్చి అదే అరలో పెడితే గురగుర తప్ప మరేమీ లేదు.

అదే కాంతాన్ని కుంగదీసింది. పూర్తిగా చచ్చిపోయిన యంత్రం మీద ఆశ వదులుకోవచ్చు. ఇది అలా కాదు. మీట తిప్పితే దీపం వెలుగుతుంది, లోపల వెచ్చబడుతుంది, ముందుభాగంలో వున్న ఆకుపచ్చ కన్ను తెరుచుకుంటుంది. స్టేషను దొరికితే ఆ కన్ను దగ్గరికి ముడుచుకోవాలి. ముడుచుకోదు. గుడ్లప్పగించి చూస్తూ వుంటుంది, నోట మాటలేని రోగిలాగ.

"మీ ఇంట్లోనే ఏదో ఉన్నాదమ్మా" అన్నాడు అప్పలసూరి, మర బిగిస్తూ. "నా కొట్లో కోయిలనాగ కూస్తాది. మీ గుమ్మం దాటి లోనికొస్తే గొంతు పడిపోతాది. పెట్టికి కాదు, ఈ గోడలకి ఎవరిదో దిష్టి తగిలినాదేమో."

"నిమ్మకాయ కట్టినాను బావూ" అంది కాంతం.

అతను తలెత్తి చూశాడు. నిజంగానే రేడియో మీటకి ఎర్రదారంతో నిమ్మకాయ కట్టి వుంది. అతనికి నవ్వొచ్చింది కాని, ఆమె మొహం చూసి నవ్వలేదు.

ఆ వీధిలో రేడియో వున్న ఇల్లు ఇంకొక్కటే, కరణంగారిది. గోడ తగాదా వచ్చి ఆ ఇంటితో మాటలు మాని పదేళ్ళు. స్టేషను రోడ్డులో హోటళ్ళ ముందు నిలబడి పాటలు వినడానికి ఆమె మగవాడు కాదు. ఆ పాటలు లేకపోతే ఏమవుతుందో ఎవరితోనూ చెప్పుకోలేదు. "పాటలు నేకపోతే ముద్ద దిగదేటే నీకు?" అని పొద్దున్నే మొగుడు అడిగినప్పుడు, చారులో ఉప్పు సరిపోయిందో లేదో అడిగి మాట మార్చింది. గోవిందరావు పన్నెండున్నరకల్లా గొడుగు తీసుకుని, "వేగను లోడింగున్నాది" అంటూ వెళ్ళిపోయాడు. ఆదివారం పూట బెల్లం వేగన్లేమిటని ఆమె ఎన్నడూ అడగలేదు. ఆయన లేకపోవడమే ఆమెకు కావలసింది.

కిటికీ అరుగు మీద కూర్చుని జగ్గమ్మ పూలు కడుతోంది. అరటినారా, ఒళ్ళో నందివర్ధనాలూ, పక్కన నీళ్ళగిన్నే. ముప్ఫయ్యేళ్ళ నుంచి పొద్దున్నా మధ్యాహ్నం అదే చోటు, అదే పని. తన తలలో పెట్టుకునే రాత లేకపోయినా దేవుడి పటాలకీ, పేరంటానికొచ్చిన ఆడపిల్లలకీ, ఒకప్పుడు పద్మకుమారి జడకీ ఆవిడ కట్టిన దండలే.

"ఎందుకే కాంతం ఈ ఆరాటం" అంది జగ్గమ్మ, పూల మీంచి తలెత్తకుండా. "అతగాణ్ణి పాపం ఎన్నిసార్లు తిప్పుతావు? పోనీ ఒగ్గేయ్. కొన్నాళ్ళు పోతే దానంతటదే పలుకుతాది."

"దానంతటదే ఎలగ పలుకుతాది వొదినా? నువ్వు కూడా ఇలగంటే ఎలగ?"

జగ్గమ్మ వేళ్ళు నీళ్ళగిన్నెలో ముంచింది. నార తడుపుకుంది.

అప్పలసూరి పెట్టె వీపు మళ్ళీ బిగించేసి, కాళ్ళు బారజాపుకుని గోడకు చేరగిలపడ్డాడు. చేతులు రెండూ తలమీద పెట్టుకున్నాడు. గోడగడియారం పావుతక్కువ ఒంటిగంట చూపిస్తోంది. కాంతం చూపు దానిమీదికీ పెట్టె మీదికీ తిరుగుతోంది.

"పెట్టి మంచిది" అన్నాడు తనలో తనే. "కరంటు మంచిది. నా కొట్లో ఉన్నదేటి, ఇక్కడ నేనిదేటి?" మళ్ళీ అదే అన్నాడు. మూడోసారి అనబోతూ ఆగాడు. మెల్లిగా అతని కళ్ళు కిటికీవైపు తిరిగాయి.

ఇంటిపెంకుల మీద రెండు వెదురుబొంగుల మధ్య కట్టిన రాగితీగ ఒకటుంది. గాలిలో మాటల్ని పట్టేది అదే. అక్కణ్ణుంచి గుడ్డతొడుగు వేసిన తీగ చూరువెంట దిగి, కిటికీ ఊచల్లోంచి లోపలికొచ్చి పెట్టెకు చేరుతుంది. మొదటిరోజునే అతను దాన్ని లాగి చూశాడు. గట్టిగానే వుంది. తొడుగు ఎక్కడా చిరగలేదు. అందుకే మళ్ళీ దాని జోలికి పోలేదు.

"పెట్టిని మోసుకెల్లినాను గాని, తీగని మోసుకెల్లనేదు గదమ్మా" అన్నాడు లేచి నిలబడి. "నా కొట్లో నా తీగుంది."

సంచీలోంచి కొత్త తీగ చుట్ట తీశాడు. ఒక కొస పెట్టె వెనక గుచ్చాడు, రెండోది పట్టుకుని పెరట్లోకి పరిగెత్తి దండెం మీద విసిరేశాడు.

పెట్టె పలికింది.

నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా, గాలికి కొట్టుకుపోతూ ఎవరో ఆడమనిషి వ్యవసాయం గురించి ఏదో చెబుతోంది. ఆకుపచ్చ కన్ను సగం ముడుచుకుంది. కాంతం రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది.

"సూసినారా!" అప్పలసూరి పెరట్లోంచే కేకవేశాడు. "పెట్టిది కాదు తప్పు! తీగది! అయిదు వారాలు నన్ను ఎర్రిబాగులోణ్ణి సేసినాది! ఎక్కడో లోపల తెగినాదమ్మా, తొడుగు బాగున్నాది గనక కనబడనేదు. మీరు ఆ కొస నుంచి తడుముకుంటూ రండి, నాను సూరుకాడ నుంచి వస్తాను."

కాంతం పెట్టె కట్టేసి, దాని దగ్గర మొదలుపెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య తీగను పట్టుకుని, జపమాల తిప్పుతున్నంత నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. గోడ, మేకు, మళ్ళీ గోడ, కిటికీ చట్రం. ఊచ పక్కన, బయటికి వెళ్ళే మలుపులో, వేలికి ఏదో గరుకుగా తగిలింది.

వంగి చూసింది. తొడుగు రంగులోనే వున్న దారం. చుట్టూ దగ్గర దగ్గరగా, ఎంతో ఓపికతో, పది పన్నెండు చుట్లు. ఏ చుట్టుకా చుట్టు ముడి.

"ఇక్కడేదో ఉన్నాది బావూ."

అప్పలసూరి లోపలికొచ్చి, గోటితో దారం తప్పించి, తొడుగు వెనక్కి జరిపాడు. రాగి కొసలు రెండూ తళతళ మెరుస్తూ, కత్తిరించినట్టు నున్నగా వున్నాయి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అంగుళం కొబ్బరీనె. లాగితే ఊడకుండా ఈనె చుట్టూ గట్టిగా కట్టారు.

"ఇది ఎలక పని కాదు" అన్నాడు అతను గొంతు తగ్గించి. "గాలిపని కాదు. తీగంటే ఏటో తెలిసిన మనిషే సేసినాడు. దీన్ని తెంపితే పెట్టికి సెవుడొస్తాదని..." అని ఆగిపోయాడు. అతనికి గుర్తొచ్చింది. తీగ కట్టిన రోజున, కిటికీ అరుగు మీద కూర్చున్న పెద్దావిడ, "ఇదెందుకు బావూ?" అని అడిగింది. సరదాపడి తనే విడమరిచి చెప్పాడు.

అతను అరుగువైపు చూడలేదు. సంచీలోంచి సీసం అతికే ఇనపకాడ తీసుకున్నాడు. "పెరట్లో కుంపటుందా అమ్మా? దీన్ని కాల్సుకుని వస్తాను. ఎర్రగా కాలాల" అని గబగబా వెళ్ళిపోయాడు.

కాంతం ఆ దారాన్ని వదల్లేదు. ముడులు చూస్తోంది. పూలు కట్టే ముడులు. రెండువేళ్ళ మీద నార మెలేసి, పువ్వుకాడ మీదికి తోసి బిగించే ముడి. ఆ ఊళ్ళో ప్రతి ఆడదీ వేస్తుంది. కాని అందరి ముడీ కుడివైపుకు వాలుతుంది. ఇవి ఎడమకు వాలాయి. దేవుడి పటాల ముందు వాడిన దండలు విప్పుతూ ముప్ఫయ్యేళ్ళుగా ఆమె వేళ్ళు ఎడమకు వాలిన ముడుల్నే విప్పాయి. జగ్గమ్మది ఎడమచేతి వాటం.

"వొదినా."

జగ్గమ్మ ఒళ్ళో పూలు కదల్లేదు.

"ఇవి నీ ముడులు."

"నావే."

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని కాంతం అనుకోలేదు. కోపం రావడానికి కూడా వ్యవధి లేకపోయింది.

"ఆయన కొయ్యమన్నాడా?"

"ఆడికేటీ తెల్దు. నానే. పూలకత్తెరతో."

"ఎందుకు?" అప్పుడొచ్చింది కోపం. "ఎందుకు సేసినావు? నీ సంకనెక్కి పెరిగిన గుంట గదా! దాని జడకి నువ్వు గదా పూలు కట్టింది! రైలెక్కేనాడు నీ కాళ్ళకి గదా ముందు దండం పెట్టింది! దాని పేరొకటి వారానికోసారి ఇనబడితే నీకు బరువైపోనాదా? అయిదు వారాలు వొదినా! ఈ పెట్టి ముందు నాను తల బాదుకుంటంటే, పక్కన కూసుని పూలు కట్టుకున్నావు! నిమ్మకాయ కడతంటే దారం నువ్వే అందిచ్చినావు!"

"అందిచ్చినాను."

"సెప్పు! ఎందుకో సెప్పు!"

జగ్గమ్మ ఒళ్ళో పూలు తీసి గిన్నెలో పోసింది. నార చుట్ట చుట్టింది. ఇక కట్టే పని లేదన్నట్టు అంతా సర్దింది.

"ఆ ఆదివారం నువ్వు అరసవల్లి ఎల్లినావు. పిల్లకి పురుడు సల్లగా రావాలని సూర్నారాయణుడికి మొక్కుకోడానికి. పాటలు నన్ను ఇనమన్నావు."

"ఇన్నావు. పేరు సదివినారని సెప్పినావు."

"సదివినారు. అబద్ధమాడనేదు."

"ఏదో సినిమాపాట అన్నావు."

"అది అబద్ధం." జగ్గమ్మ మొదటిసారి తలెత్తింది. "జోలపాట."

కాంతానికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, తీగ చేతిలోంచి జారిపోయింది. చతికిలబడి కూర్చుంది. కళ్ళంట నీళ్ళు, మొహం నిండా నవ్వూ కలిసి వచ్చేశాయి.

"జోలపాటా? ఓలమ్మ! పుట్టినాదా? బిడ్డ పుట్టినాదా వొదినా? అయిదు వారాల కిందటే పుట్టినాదా? ఇంత మంచి మాట ఎందుకు దాసినావే, నీకేటి పిచ్చా? ఏ గుంటో తెలిసినాదా? ఆడా, మగా?"

"ఆడగుంట."

"ఎలగ తెలిసినాది?"

"పేరు సదివినారు గదా."

"ఏటి పేరు? ఏటి పేరు పెట్టినారు?"

జగ్గమ్మ పెదాలు కదిలాయి. గడియారం టిక్కుటిక్కుమంటోంది. పెరట్లో అప్పలసూరి కుంపటి విసురుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి జగ్గమ్మ, రేడియోలో ఆయన ఎలా చదివాడో అలాగే, ఒక్కొక్క మాటా పొల్లుపోకుండా చెప్పింది.

"'ఖరగ్‌పూర్ నుంచి నరసింగరావు, చిన్నారి పద్మకుమారి.'"

"అదేటి," అంది కాంతం నవ్వుతూనే, "తల్లి పేరు పిల్లకెవరైనా..."

అక్కడ ఆగిపోయింది.

ఆ ఇంట్లో గోవిందరావుది పోయిన తాతగారి పేరు. జగ్గమ్మది పోయిన నాయనమ్మ పేరు. ఆ వీధి చివర పిల్లకి పురిట్లోనే పోయిన మేనత్త పేరు పెట్టారు. పోయినవాళ్ళు మళ్ళీ వచ్చారనుకుని పిలుచుకోవడానికే పసిబిడ్డలకి ఆ పేర్లు పెడతారు. బతికి తిరుగుతూ వున్న మనిషి పేరు ఊయల్లో బిడ్డకి ఎవరూ పెట్టరు. ఆయుష్షు తగ్గుతుందని భయం. ఆ సంగతి కాంతానికి తెలుసు. జగ్గమ్మకి తెలుసు. రైల్వేలో పనివాడైనా, ఆ నరసింగరావు కూడా ఈ గడ్డమీద పుట్టినవాడే.

నవ్వు కాంతం మొహం మీదే వుండిపోయింది. దాన్ని తీసెయ్యాలని ఆమెకు తెలియలేదు.

జగ్గమ్మ అరుగు దిగి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. ముట్టుకోలేదు. గొంతు మాత్రం తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"మీ అన్నయ్య, నా పెనిమిటి, ఓడెక్కి రంగూనెల్లి ఆ రంగంలోనే పోయినాడు. ఆ సంగతి నీకు తెలుసు. నీకు తెలీనిది ఒకటున్నాది. ఆయన పోయిన మూడునెల్లకి గాని ఇక్కడికి కబురు రానేదు. ఆ మూడునెల్లూ నాను రోజూ తల దువ్వుకున్నాను. పూలు పెట్టుకున్నాను. అట్లతద్దికి గోరింటాకు పెట్టుకున్నాను. ఉయ్యాలూగినాను. వచ్చినాక ఈ సీర కట్టాల, ఆ కూర వొండాల అని అనుకుంటా తిరిగినాను. నా బతుకులో సుఖపడిన రోజులేటంటే అవే కాంతం. అక్కడ ఆయన బూడిదైపోయినాడు, ఇక్కడ నాను పూలు ముడుసుకున్నాను. కబురు తెచ్చినోడు ఇంకో నెల ఆలిశంగా వస్తే బాగుణ్ణని ఇప్పటికీ ఉసూరుమంటాను." ఊపిరి పీల్చుకుంది. "నీకూ అలటి నెలలు కొన్ని ఇద్దామనుకున్నాను. అంతే. నా సేతిలో ఉన్నది అదొక్కటే."

కాంతం ఆవిడ మొహంలోకి చూసింది. ఏడుస్తుందని జగ్గమ్మ ఎదురుచూసింది. గుండెలు బాదుకుంటుందని, జుట్టు పట్టుకుంటుందని కూడా ఎదురుచూసింది. కాంతం ఏమీ చెయ్యలేదు.

"ఆ మూడునెల్లూ అన్నయ్య కోసం ఎవరూ ఏడవనేదు గదా వొదినా."

జగ్గమ్మ ఉలిక్కిపడింది.

"నా పిల్లకి నీళ్ళొదిలినోళ్ళు ఎవరో, పసుపు రాసినోళ్ళు ఎవరో. ఒంటిస్తంభంలాగ ఆ కుర్రాడు. కన్నతల్లి ఇక్కడ పెట్టికి నిమ్మకాయ కట్టుకుంటన్నాది. అయిదు వారాలు దానికోసం ఈ ఊళ్ళో ఒక్క కంటనీరు పడనేదు. నువ్వు నాకిచ్చింది అదీ. పండగ సేసుకోమని ఇచ్చినావు." చేత్తో నేలమీద తడుముకుని తెగిన తీగను పట్టుకుంది. "నా ఏడుపు నాకియ్యనేదు నువ్వు."

ముప్ఫయ్యేళ్ళలో ఒక్కనాడూ ఆ ఇద్దరి మధ్య అలాంటి మాట రాలేదు. జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముప్ఫయ్యేళ్ళ కిందట రంగంలో పోయిన మనిషి కోసం ఏడ్చిందో, ఖరగ్‌పూర్‌లో పోయిన పిల్ల కోసమో, చెప్పడం కష్టం. చప్పుడు లేకుండా ఏడ్చింది.

గడియారం ఒకటి కొట్టింది.

"అప్పలసూరీ!" కాంతం కేకవేసింది.

అతను ఎర్రగా కాలిన కాడ పట్టుకుని గుమ్మంలోకొచ్చి, లోపల ఇద్దరినీ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"అతుకు బావూ."

"అమ్మా, మరోనాడు..."

"ఇప్పుడే. నా సెవుల్తో నాను ఇనాల. బేగి."

అతను ఈనెముక్క తీసి పారేశాడు. కొసలు మెలేశాడు. సీసం కరిగి చుయ్యిమని పొగ లేచింది. కాంతం ఆ పొగలోంచి కళ్ళు తిప్పలేదు. పెట్టె మీట తిప్పింది. దీపం వెలిగింది. గాజుబుడ్లు వెచ్చబడేదాకా ఆగాలి. ఆ నిమిషం ఎంత పొడుగుందో అయిదు వారాలూ అంత లేవు. ఆకుపచ్చ కన్ను తెరుచుకుంది, చూసింది, మెల్లిగా, పూర్తిగా ముడుచుకుంది.

పక్కగదిలో వున్నట్టు మాట వచ్చింది. పేర్లు చదువుతున్నారు. పలాస నుంచి ఎవరో అక్కచెల్లెళ్ళు. బొబ్బిలి నుంచి ఎవరో మాస్టారూ ఆయన పిల్లలూ. ఆమదాలవలస. మళ్ళీ పలాస. అక్కడ ఆపి, కాగితం తిప్పిన చప్పుడు.

"ఇప్పుడొక జోలపాట. కోరినవారు, ఖరగ్‌పూర్ నుంచి నరసింగరావు, చిన్నారి పద్మకుమారి."

కాంతం కళ్ళు మూసుకుంది. చెప్పుడుమాట కాదు, తన చెవులతో విన్నది. ఇక దాచడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. నోరు తెరిచింది, ఏడవడానికి. కాని రేడియోలో మాట ఇంకా అయిపోలేదు.

"ఇదే పాట కోరుతూ, చీపురుపల్లి నుంచి తాతయ్య గోవిందరావు, అమ్మమ్మ కాంతం."

జగ్గమ్మ నోట్లోంచి కొంగు జారిపోయింది.

పాట మొదలైంది. ఎవరూ వినడంలేదు. ఇద్దరాడవాళ్ళూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటున్నారు. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు, అప్పలసూరి చేతులు నలుపుకుంటూ గొణిగాడు.

"నాను సెప్పకూడదమ్మా. ఎవరికీ సెప్పొద్దన్నారు. గోవిందరావు గారు రెండేళ్ళ నుంచీ ఆదివారం ఆదివారం ఈ ఏళకి మా కొట్టుకే వస్తారు. నాను అన్నానికి ఇంటికెల్తాను, ఆ గంటా ఆయన ఒక్కరే తలుపు దగ్గరగా ఏసుకుని కూసుని పాటలింటారు. నానొచ్చేసరికి గొడుగు తీసుకుని ఎల్లిపోతారు." అతను వీధితలుపువైపు చూశాడు. "ఈయాల నాను మీ ఇంటికొచ్చేసినాను గదా. కొట్టు తాళం ఏసి ఉన్నాది."

కాంతం లేచి నిలబడింది.

ఇంట్లో జోలపాట నిండుగా, వీధిలోకి వినబడేటంత గట్టిగా సాగుతోంది. వీధితలుపు అవతల, అరుగు మీద, ఎవరో గొడుగు గోడకు ఆనించిన చప్పుడైంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.